ముందుగదిలో ఒక్క అర

"నా బీరువా తెరవమని నీకెవరు చెప్పారు?"

గుమ్మంలో నిలబడి పెద్ద నర్సు వేసిన కేకకి వీధిలో పడుకున్న కుక్క కూడా తలెత్తి చూసింది. మరదలు రమ్మని కబురు పంపితే, రాత్రి డ్యూటీ దిగి నేరుగా తమ్ముడింటికి వచ్చిందావిడ. ఒక చెప్పు కాలికి ఉంది, రెండోది చేతిలో ఉంది. వార్డులో ఆ గొంతు వినబడితే కాలు విరిగినవాడు కూడా లేచి కూర్చుంటాడని చెప్పుకుంటారు.

టైలరమ్మ మాత్రం కదల్లేదు. అద్దాల బీరువా ముందు చిన్న స్టూలు వేసుకుని కూర్చుంది. ఆడపడుచు వైపు తలైనా తిప్పకుండా కింది అరలోంచి పిడి విరిగిన కప్పొకటి తీసి, వెలుతురులో పట్టుకుని చూసింది.

"ఎవరూ చెప్పలేదు వదినా. నేనే తెరిచాను. తెరిచాను గానీ ఒక్క వస్తువు కూడా పారెయ్యలేదు. మీరు వచ్చేదాకా ఆగాను. పోయినేడాది మీరు నాకోసం ఆగలేదు, గుర్తుందా?"

పెద్ద నర్సు చేతిలో చెప్పు కిందికి దిగింది.

వెనకగదిలో పుస్తకాల అట్టలకి జిగురు కలుపుకుంటున్న ఆమె మొగుడు బైండరు ఈ మాట విని పని ఆపాడు. ఏడాదిగా ఆ ఇంట్లో ఆ మాట ఎప్పుడొచ్చినా అతనికి సరిగ్గా అప్పుడే ఏదో పని గుర్తొస్తుంది. ఇవాళ టీ గుర్తొచ్చింది. వంటింట్లోకి జారుకున్నాడు.

ఆ మాట వెనక ఉన్న మంట చిన్నది కాదు. పోయినేడు ఇదే రోజుల్లో, చలి తగ్గి కిటికీలు తెరుచుకునే వేళ, టైలరమ్మ చెల్లెలి పురిటికి వెళ్ళింది. పెద్ద నర్సు సెలవు పెట్టి వచ్చి ఇల్లంతా కడిగి, దులిపి, సర్దింది. టైలరమ్మ తిరిగొచ్చేసరికి నేల అద్దంలా ఉంది. కానీ మిషను పక్కన బుట్టలో ఉండాల్సిన కొలతల కాగితాలు లేవు.

కొలతల కాగితాలంటే మామూలు కాగితాలు కావు. తెలిసిన ప్రతి ఒంటికీ ఒక గోధుమరంగు కాగితం. ఒక భుజం కిందికి వాలిన లెక్కల మాస్టారి చొక్కా, ఏటేటా లావయ్యే మందుల షాపాయన కోటు, పెళ్ళిలో ఊపిరాడలేదని ఇప్పటికీ దెప్పే పక్కింటి కోడలి గౌను. వాటిలో సగం ఆమె తండ్రి కత్తిరించినవి. ఆయన చేతి పెన్సిలు గీతలు, పక్కన ఆయన రాసుకున్న గుర్తులు వాటిమీదే ఉండేవి. ఆయన పోయాక, చూసుకోడానికి ఫొటో కూడా లేదు. ఉన్నదల్లా ఆ గీతలే.

ఆ రోజు టైలరమ్మ ఏడ్చిన ఏడుపు వీధంతా విన్నది. "నా కాగితాలేవి వదినా?" అని అడిగితే పెద్ద నర్సు అవుననలేదు, కాదనలేదు. "ఇల్లు సర్దితే చెత్త చెత్తే కదా, పోతుంది," అని గుమ్మం దిగి వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాటని టైలరమ్మ ఏడాదిపాటు పళ్ళ మధ్య పెట్టుకుని నమిలింది.

"చెప్పండి వదినా," అంది ఇప్పుడు, కప్పు పైకెత్తి. "ఉంచాలా? పోవాలా?"

"నేను పడుకోవాలి. రాత్రంతా నిలబడే ఉన్నాను."

"ఒక్క అరే వదినా. గది మొత్తం అనలేదు నేను. గది మొత్తం అంటే నాకూ భయమే. ఎన్నిసార్లు మొదలుపెట్టాను! అన్నీ కిందికి దించి, నడుమ్మీద చెయ్యేసుకుని చూసి, నీరసం వచ్చి, ఎలా ఉన్నవాటిని అలాగే ఎక్కించేసేదాన్ని. ఈసారి బుద్ధొచ్చింది. పాత కోటు విప్పేటప్పుడు నేను కోటంతా చించుతానా? ఒక చివర ఒక్క కుట్టు తెంపుతాను. మిగతాది దానంతటదే దారికొస్తుంది. మీరూ అలాగే అనుకోండి. ఒక్క అర. ఒక్కో వస్తువు చేత్తో పట్టుకోవడం, మీ నోటితో మీరే చెప్పడం. ఉంచాలన్నవి ఈ దుప్పటి మీద. పోవాలన్నవి ఆ బస్తాలో. ఎటూ తేలనివి నా ఒళ్ళో."

చెప్పే మాట తేనెలా ఉంది గానీ, చెప్పే కళ్ళలో తేనె లేదు.

నిజానికి ఆమెకి ఆ గది కావాలి. బజారులో పెద్ద బట్టలకొట్టు యజమానురాలు సాయంత్రం వస్తానంది. కత్తిరించే బల్ల వెయ్యడానికి వెలుతురున్న చోటుంటే, కొట్టు పనంతా ఆమెకే ఇస్తానంది. ఇప్పుడామె కుట్టేది స్నానాలగది పక్కన నడవలో. అక్కడ బల్ల కాదు కదా, మనిషి చేతులు చాపినా గోడలకి తగులుతాయి. ముందుగది నిండా ఏమో, క్వార్టర్సు మారినప్పుడు వారంలో తీసుకెళ్తానని పెద్ద నర్సు దింపిన సామాను. ఆ వారం ఇంకా పూర్తి కాలేదు.

గది కావాలి. దాంతోపాటు, ఒక వస్తువు చేజారిపోతుంటే గుండెల్లో ఎలా ఉంటుందో ఆడపడుచుకి తెలియాలి. రెండోదే ఎక్కువ కావాలి.

వచ్చిన దగ్గర్నుంచీ గొడవకి సిద్ధంగా ఉన్న పెద్ద నర్సు ఎందుకో గొడవ పడలేదు. రెండో చెప్పు కూడా విప్పి, వచ్చి నేలమీద కూర్చుంది.

"పోవాలి," అంది కప్పు చూసి.

"ఇదో?"

"ఆ థర్మామీటరు పగిలిందే. పోవాలి."

"ఈ గ్లవ్జులు?"

"పోవాలి."

"అన్నీ ఎడమచేతివే ఉన్నాయి. కుడిచేతివన్నీ ఏం చేశారు వదినా, రోగుల మీద విసిరారా?"

ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వేవారు. పెద్ద నర్సు పెదవి కొంచెం కదిలింది కూడా. టైలరమ్మ ఆ నవ్వుని చూసి కూడా చూడనట్టు, తర్వాతి వస్తువు కోసం చెయ్యి పెట్టింది.

బైండరు టీ కప్పులు పట్టుకొచ్చాడు. "ఇంత పెద్ద పని ఇవాళే ఎందుకు? ఎండలు ముదిరాక తీరిగ్గా చూసుకుందాం. అక్క నిద్ర లేకుండా వచ్చింది."

"పెద్ద పని కాదండీ. ఒక్క అర."

"అర బాగానే ఉందిగా! కింద రంగుల కాగితం చూడు, ఎంత నీటుగా ఉందో. సామాను తీసినా ఆ కాగితాన్ని కదపకు. తడిగుడ్డ అసలే పెట్టకు, పాడవుతుంది."

ఆ రంగుల కాగితం అతని పనే. పుస్తకాల అట్టల లోపల అంటించే నీలం, ఎరుపు మేఘాల కాగితం. పోయినేడు ఇల్లు సర్దినప్పుడే ఇంట్లో అరలన్నిటికీ కొలత పెట్టి అంటించాడు. వంటింట్లో, బట్టల బీరువాలో, అక్క బీరువాలో, అన్నిచోట్లా. అప్పట్లో ఆ ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయాడు.

"కాగితం మీద మీకున్న ప్రేమ నా మీదుంటే బాగుండేది," అంది టైలరమ్మ. బైండరు టీ కప్పులో మొహం దాచుకున్నాడు.

అప్పుడు ఆమె చేతికి తగిలిందది. పల్చటి గుడ్డసంచిలో చుట్టిన తెల్లటి టోపీ. గంజి ఇంకా విరగలేదు. మడతలు కత్తితో గీసినట్టున్నాయి.

"ఉంచు," అంది పెద్ద నర్సు. ఆ గొంతు వార్డు గొంతు కాదు. "నేను ఉద్యోగంలో చేరిన రోజున పెట్టుకున్న టోపీ అది. మా అమ్మ గంజి పెట్టింది. అది ఉంచు."

టైలరమ్మ టోపీని అటూ ఇటూ తిప్పింది. కుట్టు చూసింది, చేతికుట్టు, చాలా మంచి కుట్టు. ఎవరి చేతి పనో తెలిసిన వస్తువు పోతే ఎలా ఉంటుందో ఆమెకన్నా తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. తెలుసు కాబట్టే ఆమె మొహంలో ఏదో వెలిగింది. అది మంచి వెలుగు కాదు.

"నా కాగితాలప్పుడు నన్నడిగారా వదినా?"

"అమ్మాయ్..."

"ఇల్లు సర్దితే చెత్త చెత్తే కదా, పోతుంది."

టోపీ బస్తాలో పడింది. దాని కింద ఎడమచేతి గ్లవ్జులు, పిడి విరిగిన కప్పు. ఆమె బస్తా మూతి మెలితిప్పి, దారంతో కట్టి, పళ్ళతో దారం తెంపింది. బట్ట పూర్తయ్యాక తెంపినట్టే తెంపింది.

పెద్ద నర్సు లేచి లాక్కోలేదు. తిట్టలేదు. తమ్ముడి వైపు చూసింది. చాలాసేపు చూసింది. తమ్ముడు ఖాళీ కప్పులోకి ఊదుకుంటున్నాడు.

వీధిలో పాతసామాన్ల బండి గంట వినబడింది. టైలరమ్మ బస్తా ఈడ్చుకుంటూ వెళ్ళి బండిలో పడేసి వచ్చింది. గుమ్మం ఎక్కుతుంటే ఏడాది బరువు దిగిపోవాలని ఆమె ఎదురుచూసింది. దిగలేదు. పైగా ఆడపడుచు అలా మాట్లాడకుండా కూర్చోవడం ఆమెకి అస్సలు నచ్చలేదు. కొట్టినప్పుడు ఎదురు కొట్టకపోతే కొట్టిన చెయ్యే నొప్పెడుతుంది.

ఆ చిరాకులో బకెట్లో గుడ్డ ముంచి, పిండకుండానే అర మీద వేసి రుద్దింది.

"తడిగుడ్డ వద్దన్నానా!" బైండరు ఒక్క అంగలో ముందుకొచ్చాడు.

ఆలస్యమైంది. మేఘాల కాగితం ఒక మూల ఉబ్బి లేచింది. ఆమె దాన్ని పట్టుకుని లాగింది. పై కాగితం చేతికొచ్చింది. దాని కింద, మందం కోసం అంటించిన గోధుమరంగు కాగితం అలాగే ఉండిపోయింది. దాని మూలలు లోపలికి మడిచి ఉన్నాయి, పుస్తకం అట్టకి మడిచినట్టు. ఆ మడత వెయ్యడం ఆ ఇంట్లో ఒక్క మనిషికే వచ్చు.

గోధుమరంగు కాగితం మీద ఒక వంపు గీసి ఉంది. చంక దగ్గర తిరిగే వంపు. పక్కన పెన్సిలుతో చిన్న గుర్తు. ఎడమ భుజం దించాలని ఆమె తండ్రి పెట్టుకునే గుర్తు. లెక్కల మాస్టారి చొక్కా అది. అర కొలతకి సరిపడా, మెడ దగ్గర అడ్డంగా కోసేసి ఉంది.

 బకెట్లో నీళ్ళు కదిలి, ఆగాయి.

"ఏమండీ," అంది టైలరమ్మ. ఆ పిలుపులో ఏ కోపమూ లేదు. అందుకే బైండరు ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఇదేమిటండీ?"

"అది... నేను... నువ్వొచ్చేసరికి ఇల్లు బాగుండాలని..."

"ఇదేమిటో చెప్పండి."

"బుట్టలో ముక్కల పక్కనే ఉంటే, అవీ ముక్కలే అనుకున్నాను. మంచి మందం కాగితం. కింద వేస్తే పై కాగితం ముడత పడదని... మంచికే చేశాను. ఒట్టు. నువ్వొచ్చి ఏడ్చాకే తెలిసింది అవేమిటో."

"తెలిశాక?"

బైండరు వంగి బకెట్టు తీసి పక్కన పెట్టాడు.

"తెలిశాక ఏం చేశారండీ?"

"నేను చెబుతాను," అంది పెద్ద నర్సు నేలమీద నుంచే. "నువ్వు ఏడుస్తూ నా మీదికి వచ్చావు చూడు, అప్పుడు వీడు నా వెనక నిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ రాత్రి క్వార్టర్సుకి వచ్చాడు. అక్కా, నువ్వు చేశావనే అనుకోనీ, నేనని తెలిస్తే అది నన్ను వదిలేసి పోతుందన్నాడు. నేను కాదన్నాను. అప్పుడన్నాడు, నువ్వు నోరు మెదపకుంటే నీ సామాను జోలికి ఎవర్నీ రానివ్వను, ముందుగది నీదే అన్నాడు."

"అక్కా!"

"నోరు ముయ్యరా. ఏడాదిగా నేను మూసుకున్నాను, ఇప్పుడు నీ వంతు." ఆవిడ మరదలి వైపు తిరిగింది. "నాకు చోటు లేదమ్మాయ్. ఆ క్వార్టర్సులో మంచం వేస్తే మనిషి పట్టదు, మనిషి నిలబడితే మంచం పట్టదు. ఒప్పుకున్నాను. తమ్ముడి మీద ప్రేమతోనే అని చెప్పను. చోటు కోసం కూడా ఒప్పుకున్నాను. నువ్వు తిట్టిన ప్రతి తిట్టూ అద్దె అనుకుని పడ్డాను."

టైలరమ్మకి ఇప్పుడర్థమైంది. నడవలో, స్నానాలగది తడి వాసనలో, ఏడాదిపాటు ఆమె ఎందుకు కుట్టిందో. ముందుగది ఖాళీ చేయించండని ఎప్పుడడిగినా ఈ మనిషి "పోనీలే, అక్క కదా, ఓర్చుకో" అని ఎంత మెత్తగా అనేవాడో. వంటింటి అరలో గిన్నె పెట్టిన ప్రతిసారీ, బట్టల బీరువాలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ, తండ్రి గీతల మీదే పెట్టింది. అది చూస్తూ ఈ మనిషి కాఫీ తాగాడు, పేపరు చదివాడు, హాయిగా నిద్రపోయాడు.

 ఏడాది మంటకి ఇప్పుడు సరైన చిరునామా దొరికింది.

"వదినా, మీ టోపీ..."

"పోయింది. నువ్వు బాధతో చేశావు."

"బాధతో కాదు, కసితో చేశాను." ఆమె లేచి నిలబడింది. "ఏమండీ, ఆ బండి ఇంకా వీధి దాటి ఉండదు. వెళ్ళి బస్తా తీసుకురండి. టోపీ లేకుండా రావద్దు."

బైండరు చెప్పులు వెతుక్కుంటూ బయటికి పోయాడు. ఇంట్లోంచి బయటపడే అవకాశం దొరికినందుకు అతని నడకలో కొంచెం హుషారు కూడా కనబడింది.

అతను గేటు దాటగానే పెద్ద నర్సు జుట్టు ముడి గట్టిగా వేసుకుంది. "సాయంత్రం గది చూడ్డానికి ఎవరో వస్తారని కబురు పెట్టావుగా?"

"బట్టలకొట్టు ఆవిడ."

"నా సామాను తీసేద్దాం."

"ఎక్కడ పెడతారు వదినా? క్వార్టర్సులో మనిషే పట్టదంటిరి."

"వీడి పనిగదిలో. కిటికీ చిన్నది గానీ, నా బీరువాకి వెలుతురెందుకు?"

"మరి ఆయన పుస్తకాలెక్కడ కుట్టుకుంటారు?"

"నడవలో," అంది పెద్ద నర్సు. "స్నానాలగది పక్కన. చేతులు చాపితే గోడలకి తగులుతాయట, నాతో ఎవరో చెప్పారు."

టైలరమ్మ ఏడాది తర్వాత మొదటిసారి ఆడపడుచు మొహంలోకి నేరుగా చూసింది. నవ్వు రాలేదు గానీ వచ్చే దారిలో ఉంది. ఇద్దరూ వెనకగదిలోకి నడిచారు.

బైండరు పనిగదిలో గోడకి ఆనించి ఒక బీరువా ఉంది. అట్టల మీద పేర్లు నొక్కే ఇత్తడి అచ్చులు, ఎముకతో చేసిన మడతబద్ద, తోలు ముక్కలు, వాళ్ళ నాన్న వాడిన సుత్తి. వాటిని భార్య ముట్టుకుంటే అతనికి ప్రాణం పోతుంది. దుమ్ము కూడా తనే దులుపుకుంటాడు.

"చాలా ఉందమ్మాయ్," అంది పెద్ద నర్సు బీరువా తెరిచి, కొంచెం బెదిరి. "ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు."

"మొత్తం చూడకండి వదినా. ఒక్క అర. అంతే." టైలరమ్మ నేలమీద దుప్పటి పరిచింది.

గేటు చప్పుడైంది. బైండరు చాలా త్వరగా వచ్చేశాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"బండి వెళ్ళిపోయింది. వీధి చివరిదాకా పరిగెత్తాను, ఎక్కడా..." అతని మాట ఆగిపోయింది. తన బీరువా ముందు ఇద్దరాడవాళ్ళు కూర్చుని ఉన్నారు.

టైలరమ్మ అతని చెప్పుల వైపు చూసింది. దుమ్ము కూడా అంటలేదు. అతను గేటు పక్కన నిలబడి వచ్చాడు.

ఆ సంగతి ఆమె అనలేదు. ఇత్తడి అచ్చొకటి చేతిలోకి తీసుకుంది. "ఉంచాలా? పోవాలా? మీ నోటితో మీరే చెప్పండి."

"ఉంచాలి! అన్నీ ఉంచాలి! నీకు దణ్ణం పెడతాను, పై అరలు సర్దుకో, నడవలోకి పొమ్మంటే పోతాను, ఏమన్నా పడతాను. ఆ కింది అర ఒక్కటీ ముట్టుకోకు."

ఆ మాట నోరు జారిందని అతనికి వెంటనే తెలిసింది. నాలిక కరుచుకున్నాడు.

ఆడపడుచూ మరదలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్ద నర్సుకి కూడా ఆ అర సంగతి తెలియదు. ఆవిడ కళ్ళే ఆ మాట చెప్పాయి.

"అయితే దానితోనే మొదలుపెడదాం," అంది టైలరమ్మ.

కింది అర తలుపు బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులా లాగితే వచ్చింది. ముందు తోలు ముక్కలు. వాటి వెనక, గోడకి ఆనించి, ఒక కట్ట. గోధుమరంగు కాగితాల కట్ట. చుట్టూ ఎర్రటి బట్టపేలిక. ఆ పేలికతో ఆ ముడి వేసేది ఆమె, అంతకుముందు ఆమె తండ్రి.

అరలకి పోగా మిగిలిన కాగితాలు. సగానికి పైగా ఉన్నాయి. ఏడాదిగా ఇక్కడే, ఆమె మిషనుకి ఒక్క గోడ అవతల.

"ఇస్తే అడుగుతావని భయం," అన్నాడు బైండరు. "మిగతావేవని అడుగుతావని. ఎప్పుడో ఒకరోజు నీ బుట్టలో పెట్టేద్దామనే..."

టైలరమ్మ కట్టని ఒళ్ళోకి తీసుకుంది. విప్పలేదు. ఎర్ర పేలిక ముడి మీద బొటనవేలు పెట్టింది. ఏడుస్తుందని బైండరు అనుకున్నాడు. ఏడిస్తే ఓదార్చడం అతనికి తెలుసు.

ఆమె ఏడవలేదు.

"వదినా, ఇంకో బస్తా ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"ఈ బీరువాకి కాదు. ఈయన బట్టలకి."

బైండరు అక్క వైపు చూశాడు. ఏడాది కిందట వెనక నుంచి చెయ్యి పట్టుకున్నప్పుడు చూసిన చూపే అది.

పెద్ద నర్సు తమ్ముడి మొహం చూడలేదు. బస్తా దులిపి, రెండు చేతులతో దాని మూతి వెడల్పుగా తెరిచి పట్టుకుంది.